మంగళగిరి ఎదురుకోలు: నరసింహుడి కల్యాణోత్సవంలో చెంచుల వియ్యం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

గుంటూరు జిల్లా మంగళగిరిలో లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాల సందర్భంగా ఫాల్గుణ శుద్ధ చతుర్దశి నాడు చెంచులు జరిపే ఎదురుకోలు ఉత్సవం ఈ వ్యాసానికి విషయం. చెంచులక్ష్మిని తమ ఆడబిడ్డగా, నరసింహుణ్ని తమ అల్లుడిగా భావించే చెంచుల సంప్రదాయాన్ని అహోబిలం, శ్రీశైల క్షేత్రాల ఆచారాలతో పోల్చి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గిరిజన దేవత హిందూ దేవగణంలో కలిసిపోవడమనే ప్రసిద్ధ సిద్ధాంతం ఈ ఉత్సవాన్ని పూర్తిగా వివరించలేదని, వియ్యం అనే భావన ఇరుపక్షాలకూ వేర్వేరు అర్థాలిచ్చిందని నిరూపించడం వ్యాస లక్ష్యం. ఆలయ గోపుర నిర్మాత వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి పేరుతో ముడిపడిన నరుకుళ్లపాడు కథనాన్ని కూడా ఈ సందర్భంలోనే చర్చించడం జరిగింది.

కీలకపదాలు: మంగళగిరి, చెంచులు, ఎదురుకోలు, చెంచులక్ష్మి, అహోబిలం, పారువేట, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు, నరుకుళ్లపాడు.

1. ఉపోద్ఘాతం

తెలుగునేల మీద గిరిజన జాతరల ప్రస్తావన వస్తే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర, కేస్లాపూర్ నాగోబా జాతర ముందుగా గుర్తుకొస్తాయి. ఈ రెండూ అడవిలోనే జరుగుతాయి. వాటి దేవతలు గిరిజనుల సొంత దేవతలు, పూజారులు కూడా వారే. ఇందుకు భిన్నమైన మరో కోవ ఉంది. ఆగమ పద్ధతిలో నడిచే దేవాలయంలో, వైష్ణవ అర్చకుల ఆధ్వర్యంలో జరిగే ఉత్సవంలో ఒక ఘట్టం మాత్రం గిరిజనులది కావడం ఆ కోవ లక్షణం. కృష్ణా తీరంలో తాడేపల్లికి పొరుగున ఉన్న మంగళగిరి తిరునాళ్ల దీనికి మంచి ఉదాహరణ.

అడవికి దూరంగా, మిరప, పత్తి పండే మైదానంలో ఉన్న ఈ క్షేత్రంలో నల్లమల ప్రధాన నివాసంగా గల చెంచులకు ఆచారసిద్ధమైన స్థానం ఎలా వచ్చింది? ఆ స్థానం వారికి ఏమి ఇచ్చింది, ఏమి ఇవ్వలేదు? ఈ రెండు ప్రశ్నల చుట్టూ ఈ పరిశీలన సాగుతుంది. ఇందుకు మూడు రకాల ఆధారాలు ఉపకరిస్తాయి: ఉత్సవ క్రమం, సాహిత్యం, స్థానిక మౌఖిక కథనం. ఈ మూడూ ఒకే మాట చెప్పవు. అవి విభేదించే చోటనే చరిత్ర రచనకు అవకాశం ఉంది.

2. క్షేత్రం - తిరునాళ్ల

మంగళగిరిలో నరసింహుడికి మూడు ఆలయాలున్నాయి. కొండ మీద పానకాల నరసింహస్వామి, కొండ దిగువన లక్ష్మీనరసింహస్వామి, శిఖరాన గండాలయ స్వామి కొలువై ఉన్నారు. భక్తులు పోసిన పానకంలో సగం స్వీకరించి మిగతా సగం ప్రసాదంగా విడిచిపెట్టే దైవంగా కొండమీది స్వామి ప్రసిద్ధుడు. శ్రీకృష్ణదేవరాయల సైన్యం 1515లో కొండవీటిని జయించిన విషయాన్ని తెలిపే శాసనం ఇక్కడ ఉంది. విజయనగర పాలకుల దృష్టిలో ఈ క్షేత్రానికి గల ప్రాధాన్యాన్ని అది సూచిస్తుంది. కొండ ఎక్కడానికి మెట్లను 1890లో చన్నాప్రగడ బలరామదాసు కట్టించారు. దిగువ ఆలయానికి పదకొండు అంతస్తుల గాలిగోపురాన్ని అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807-09 మధ్య నిర్మించారు. దాని ఎత్తు 153 అడుగులు. 2021లో ఏర్పడిన మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ పరిధిలోని ఊళ్లకు నేటికీ ఆ గోపురమే దూరం నుంచి కనిపించే ఆనవాలు.

బ్రహ్మోత్సవాలు సంప్రదాయానుసారం ఫాల్గుణ శుద్ధ షష్ఠి నుంచి పదకొండు రోజులు జరుగుతాయి. పాండవాగ్రజుడు ధర్మరాజు ఈ ఉత్సవాలను ప్రారంభించాడని స్థలపురాణం చెబుతుంది. చతుర్దశి నాడు ఎదురుకోలు, ఆ రాత్రి శ్రీదేవీ భూదేవీ సమేతుడైన స్వామికి కల్యాణం, మరునాడు పౌర్ణమికి రథోత్సవం జరుగుతాయి. వేలాది మంది పాల్గొనే ఆ రథోత్సవమే జనవ్యవహారంలో మంగళగిరి తిరునాళ్ల. చుట్టుపక్కల ఊళ్ల రైతులకు, పట్టణంలోని నేతకుటుంబాలకు అది ఏడాదిలో పెద్ద పండుగ.

3. ఎదురుకోలు: ఆడపెళ్లివారిగా చెంచులు

తెలుగువారి పెళ్లిళ్లలో ఎదురుకోలు అందరికీ తెలిసిన సంబరమే. మగపెళ్లివారు ఊరి పొలిమేరకు రాగానే ఆడపెళ్లివారు మేళతాళాలతో ఎదురేగి, పానకం ఇచ్చి, విడిదికి తోడ్కొని వస్తారు. అంటే ఎదురుకోలు జరిపే అధికారం ఆడపెళ్లివారిది. మంగళగిరిలో ఆ అధికారం చెంచులది. తమ జాతి ఆడపడుచు చెంచులక్ష్మిని నరసింహుడు వివాహమాడాడన్న విశ్వాసంతో, ఒక చేత నిప్పు, మరొక చేత ఆయుధం ధరించి వారు ఈ ఉత్సవంలో పాల్గొనడం సంప్రదాయం. ఆ తరువాతనే కల్యాణం జరుగుతుంది.

ఈ క్రమంలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, చెంచుల చేతిలోని ఆయుధం. పెళ్లికి వచ్చిన వారిని ఆయుధంతో ఎదుర్కోవడం లోకాచారంలో లేదు. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ కావాలని తెలుగు సామెత. మంగళగిరి ఎదురుకోలులో ఈ రెండూ ఒకే ఘట్టంలో ఇమిడి ఉన్నాయి. వేటగాళ్లయిన వధువు బంధువులు తమ బలాన్ని చూపి, ఆ తరువాత సంబంధాన్ని అంగీకరిస్తున్నారు. లొంగిపోయిన సమూహం కాక, సమానస్థాయిలో వియ్యమందుకుంటున్న సమూహం ఆ ఆచారంలో కనిపిస్తుంది.

రెండవది, ఎదురుకోలుకు, కల్యాణానికి మధ్య ఉన్న ఎడం. ఎదురుకోలులో ఆడపెళ్లివారు చెంచులు. వెంటనే జరిగే కల్యాణంలో వధువులు మాత్రం శ్రీదేవి, భూదేవి. అంటే వధువు బంధువులుగా ఎదురువచ్చిన వారి ఆడబిడ్డ పెళ్లిపీటల మీద కనిపించదు. ఉత్సవ క్రమం చెంచులక్ష్మిని తోసిపుచ్చలేదు, అలాగని ఆగమోక్త కల్యాణంలోకి తెచ్చుకోనూ లేదు. జానపద సంప్రదాయానికి, ఆగమ సంప్రదాయానికి మధ్య కుదిరిన సర్దుబాటుగా దీన్ని అర్థం చేసుకోవచ్చు. ఆ సర్దుబాటులో ఎవరి వాటా ఎంతో ఈ ఎడమే తెలుపుతుంది.

4. అహోబిలం, శ్రీశైలం: అల్లుడి వరస

మంగళగిరి ఆచారాన్ని విడిగా చూస్తే అది ఒక స్థానిక విశేషంగానే మిగిలిపోతుంది. నల్లమలలోని రెండు ప్రధాన క్షేత్రాలతో కలిపి చూసినప్పుడు దాని పూర్వరంగం తెలుస్తుంది.

నవనారసింహ క్షేత్రమైన అహోబిలంలో సంక్రాంతి పండుగ రోజుల్లో పారువేట ఉత్సవం మొదలవుతుంది. జ్వాలా నరసింహ, ప్రహ్లాదవరదుల ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో సుమారు నలభై రోజులపాటు చుట్టుపక్కల గ్రామాల్లో సంచరిస్తాయి. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి స్వామి స్వయంగా వెళ్లి జనాన్ని పిలిచి వస్తాడని అక్కడి విశ్వాసం. ప్రారంభంలో చెంచులు పల్లకి వైపు బాణాలు సంధించడం అందులో ముఖ్య ఘట్టం. మంగళగిరిలో చెంచులు ఆయుధంతో స్వామికి ఎదురువస్తే, అహోబిలంలో స్వామి వారి దగ్గరికి వెళ్లి బాణాలను ఎదుర్కొంటాడు. కదలిక దిశ మారింది కాని భావన ఒక్కటే: పిలుపు లేనిదే, పరీక్ష లేనిదే వియ్యం లేదు.

సాహిత్యంలో ఈ గాథ పలు రూపాల్లో కనిపిస్తుంది. పద్నాలుగో శతాబ్దిలో ఎఱ్ఱాప్రగడ రచించిన నృసింహపురాణం అహోబిల క్షేత్రానికి తెలుగు కావ్యగౌరవం కల్పించింది. ఆ కావ్యం ప్రధానంగా ప్రహ్లాద కథ. నరసింహుడు చెంచు కన్యను వరించే కథ సంస్కృతంలో వాసంతికా పరిణయం అనే నాటకంగా వెలువడింది. దీన్ని అహోబిల మఠం ఏడవ జియ్యరుకు ఆపాదిస్తారు. తెలుగులో ఓబయమంత్రి గరుడాచలం అనే యక్షగానం ఇదే ఇతివృత్తాన్ని ప్రదర్శనకళగా మలిచింది. చెంచునాటకాల పరంపరలో ఆదిలక్ష్మి, చెంచితల వాదులాట ప్రేక్షకులకు ప్రీతిపాత్రమైన ఘట్టం. సినిమా వచ్చాక 1943లోను, 1958లోను చెంచులక్ష్మి పేరుతో చిత్రాలు వెలువడ్డాయి. మఠాధిపతి పేర నిలిచిన నాటకం నుంచి వీధి ప్రదర్శన వరకు, అక్కడి నుంచి వెండితెర వరకు ఒకే గాథ ప్రయాణించడం తెలుగు సాహిత్య చరిత్రలో అరుదైన విషయం.

శ్రీశైలంలో చెంచులు మల్లికార్జునుణ్ని చెంచు మల్లయ్యగా, తమ ఆడబిడ్డను పెళ్లాడిన అల్లుడిగా పిలుచుకుంటారు. పదమూడో శతాబ్ది నాటికే శ్రీశైలయాత్ర ఎంత పెద్ద జనసందోహమో పాల్కురికి సోమనాథుడి పండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణం తెలుపుతుంది. ఆలయ ప్రాకారం మీద చెక్కిన వేట దృశ్యాలు అడవి జీవనానికి ఆ క్షేత్రం ఇచ్చిన స్థానానికి సాక్ష్యం.

ఒకే జాతి వారికి వైష్ణవ దైవమూ అల్లుడే, శైవ దైవమూ అల్లుడే. దీన్నిబట్టి చెంచులకు శైవ వైష్ణవ భేదం ప్రధానం కాదని తేలుతుంది. తమ అడవిలోకి వచ్చి నివసించే పెద్ద దైవం ఎవరైనా సరే, అతనితో తమకు వరస ఏమిటన్నదే వారికి ముఖ్యమైంది.

5. వియ్యం - చెంచుల దృష్టి

గిరిజన సమూహాలు హిందూ సమాజంలో విలీనమయ్యే తీరును నిర్మల్ కుమార్ బోస్ 1941లో వివరించారు. అనంతర కాలంలో ఎం.ఎన్. శ్రీనివాస్ ప్రతిపాదించిన సంస్కృతీకరణ సిద్ధాంతం ఈ చర్చను ఇంకా విస్తరించింది. ఈ దృష్టితో చూస్తే చెంచులక్ష్మి గాథ చెంచులకు దక్కిన ఔన్నత్యంగా, తమ ఆడపిల్ల దేవేరి అయిందన్న గర్వంగా కనిపిస్తుంది. మంగళగిరి క్షేత్ర వర్ణనలు సాధారణంగా ఈ మాటే చెబుతాయి. అయితే ఇది ఆలయం వైపు నుంచి చేసిన వ్యాఖ్యానం. చెంచు సమాజ నిర్మాణం నుంచి చూస్తే మరో అర్థం వస్తుంది.

చెంచుల గురించి విస్తృతమైన తొలి మానవశాస్త్ర గ్రంథాన్ని క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో ప్రకటించారు. నాటి హైదరాబాదు సంస్థానంలోని అమ్రాబాద్ పీఠభూమి చెంచులు ఆయన అధ్యయనానికి ఆధారం. తేనె, దుంపలు, పండ్లు సేకరిస్తూ, వేటాడుతూ జీవించే ఆ సమాజంలో ప్రతి పెంటకూ తనదైన అటవీ పరిధి ఉంటుంది. పెళ్లయిన జంట భర్త వారి పెంటలో గాని, భార్య వారి పెంటలో గాని ఉండవచ్చు. భార్య పుట్టింటి పెంటలో స్థిరపడిన వాడికి ఆ వియ్యం వల్లనే అక్కడి అడవి మీద అనుభవ హక్కు కలుగుతుంది. మరో విధంగా చెప్పాలంటే, పరాయివాడు ఒక అడవికి చెందినవాడు కావడానికి చెంచు సమాజంలో ఉన్న రాచబాట అల్లుడు కావడమే.

ఈ నేపథ్యంలో నరసింహుడు చెంచుల అల్లుడన్న మాటకు అర్థం తారుమారవుతుంది. పైనుంచి వచ్చిన దేవుడు చెంచులను ఉద్ధరించాడన్నది ఒక కథ. బయటి నుంచి వచ్చిన దేవుడికి తమ అడవిలో నిలువ నీడ ఇచ్చినవారు తామేనన్నది చెంచుల కథ. మౌఖిక కథనాల్లో నరసింహుడు తేనె, దుంపలు తెచ్చి తన సమర్థతను నిరూపించుకున్న తరువాతే పిల్లనిస్తారు. హిరణ్యకశిపుణ్ని చీల్చిన దైవం కూడా మామగారి ముందు అడవి పనులు నేర్చిన అల్లుడిగా నిలవాల్సిందే. తమ దేవత గారెలమైసమ్మను, లింగమయ్యను కొలుస్తూనే చెంచులు ఈ అల్లుళ్లను కూడా గౌరవించడం గమనించదగిన అంశం. విలీనమే జరిగి ఉంటే పాత దేవతలు మరుగునపడి ఉండేవారు.

6. గోపురం నీడలో నరుకుళ్లపాడు

నల్లమల నుంచి తిరిగి మైదానానికి వస్తే చెంచుల ప్రస్తావన మరో రూపంలో ఎదురవుతుంది. మంగళగిరి గాలిగోపురం కట్టించిన వేంకటాద్రి నాయుడు 1783 నుంచి 1816 వరకు జమీందారీ పాలించారు. గుంటూరు సర్కారు 1788లో నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. చింతపల్లిని విడిచి ఆయన అమరావతిని కొత్త రాజధానిగా నిర్మించుకున్నారు. ఆ పట్టణ నిర్మాణానికి రాళ్ల కోసం దిబ్బను తవ్వించినప్పుడే అమరావతి స్తూప శిల్పాలు బయటపడ్డాయి. కాలిన్ మెకంజీ 1797లో అక్కడికి రావడానికి అదే కారణం.

ఈ ప్రాంతంలో చెంచులు దోపిడీలకు పాల్పడుతున్నారని జమీందారు వారిని విందుకు ఆహ్వానించి, వచ్చిన వారిలో అనేకుల తలలు నరికించాడని స్థానిక కథనం. హతుల సంఖ్య 150 అని ప్రచారంలో ఉంది. అది జరిగిన చోటే నరుకుళ్లపాడు అయిందని ఊరిపేరుకు జనం చెప్పే వ్యుత్పత్తి. ఆ తరువాత జమీందారు భోజనానికి కూర్చుంటే అన్నం పురుగులుగా కనిపించేదని, ఆ పాపభీతితోనే అమరేశ్వరుణ్ని ఆశ్రయించి ఆలయాల జీర్ణోద్ధరణకు, గోపురాల నిర్మాణానికి సంపదను ధారపోశాడని కథ ముగుస్తుంది.

మౌఖిక కథనంలోని సంఖ్యలను, ఊరిపేరు వ్యుత్పత్తిని యథాతథంగా చరిత్రగా స్వీకరించడం పద్ధతి కాదు. అయినా ఆ కథనం ఉనికికే చారిత్రక ప్రాధాన్యం ఉంది. మొదటగా, పద్దెనిమిదో శతాబ్ది చివర చెంచులు కృష్ణాతీర మైదానం వరకు సంచరించారన్న జ్ఞాపకాన్ని అది నిలిపింది. మంగళగిరి ఎదురుకోలులో వారి ఉనికి కేవలం పురాణ కల్పన కాదనడానికి ఇది ఉపబలకం. రెండవది, జమీందారులకు శాంతిభద్రతల బాధ్యత కూడా ఉన్న ఆ కాలంలో అధికారం చెంచులను ఏ దృష్టితో చూసిందో అది చెబుతుంది. మూడవది, జనం ఆ చర్యను శౌర్యంగా కాక పాపంగా గుర్తుంచుకున్నారు. చంపినవాడు ప్రభువే అయినా, కథలో శిక్ష పడింది ప్రభువుకే.

ఇక్కడ రెండు విందుల పోలిక తప్పనిసరి అవుతుంది. పెళ్లివిందులో చెంచులు ఆయుధాలతో వస్తారు, గౌరవం పొందుతారు. జమీందారు విందుకు పిలుపు నమ్మి వచ్చారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. వియ్యంలో ఉన్న సమవుజ్జీ నియమం రెండవ విందులో లేదు. ఆ నియమాన్ని పాటించే ఎదురుకోలు, దాన్ని ఉల్లంఘించిన వాడిగా జనం చెప్పుకొనే ప్రభువు కట్టించిన గోపురం ఒకే ఆలయానివి. ఉత్సవ సంప్రదాయం నరుకుళ్లపాడు ఊసెత్తదు. నరుకుళ్లపాడు కథ ఎదురుకోలు ఊసెత్తదు. ఈ మైదాన ప్రాంత చరిత్రలో చెంచుల స్థానం తెలియాలంటే ఆ రెండు మౌనాలనూ కలిపి చదవాలి.

7. గౌరవం - హక్కు: కొన్ని పోలికలు

దైవంతో బంధుత్వం తెలుగునేలకు, గిరిజనులకు మాత్రమే పరిమితం కాదు. కడప ముస్లింలు బీబీ నాంచారి తమ ఆడబిడ్డ అన్న భావనతో ఉగాది నాడు దేవుని గడప వేంకటేశ్వరుణ్ని దర్శించుకుంటారు. పద్మశాలీలు పద్మావతిని తమ ఇంటి ఆడపడుచుగా భావిస్తారు. కులాలు, మతాలు, తెగల మధ్య దూరాన్ని పెళ్లి వరసలతో దాటడం తెలుగు సమాజానికి అలవాటైన మార్గం.

పూరీలో ఈ మార్గం మరింత దూరం సాగింది. శబర నాయకుడు విశ్వావసుడి వంశీకులుగా చెప్పుకొనే దైతలు జగన్నాథుడికి బంధువులు. నవకళేబర సమయంలో పాత మూర్తులకు అంత్యక్రియల వంటి కర్మను నిర్వహించి మైల పట్టేది వారే. అక్కడ గిరిజన మూలం, బంధుత్వం వంశపారంపర్య సేవాహక్కుగా స్థిరపడ్డాయి. మేడారంలో పరిస్థితి ఇంకా భిన్నం. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దెకు తెచ్చేది కోయ పూజారులే. 1996లో ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించిన తరువాత కూడా ఆ అధికారం వారిదే. అక్కడ మిగతా సమాజం అతిథి.

మంగళగిరిలో చెంచులే అతిథులు, అదీ ఒక్క ఘట్టానికి. బంధుత్వం గౌరవంగా మిగిలింది కాని హక్కుగా పరిణమించలేదు. ఇదే ద్వంద్వం చెంచుల ఆధునిక చరిత్రలోనూ కనిపిస్తుంది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని రక్షిత ప్రాంతంగా మార్చింది. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడి, 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. అల్లుడికి అడవిలో చోటిచ్చిన మామగారు తమ చోటును పత్రాలతో నిరూపించుకోవలసిన స్థితికి వచ్చారు. 2006 అటవీ హక్కుల చట్టం ఆ నిరూపణకు ఒక మార్గం చూపింది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• మంగళగిరి ఎదురుకోలు అహోబిలం, శ్రీశైల క్షేత్రాల్లోని అల్లుడి సంప్రదాయానికి మైదానంలో కనిపించే రూపం. ఆయుధం, ఆహ్వానం, అంగీకారం ఈ సంప్రదాయంలోని ప్రధానాంశాలు.

• వియ్యం అనే భావన ఆలయానికి, చెంచులకు ఒకే అర్థం ఇవ్వదు. ఆలయ సంప్రదాయంలో అది చెంచులకు దక్కిన ఔన్నత్యం. చెంచు సమాజ నియమాల ప్రకారం అది బయటి దైవానికి వారు ఇచ్చిన నివాసాధికారం.

• ఎదురుకోలులో ఆడపెళ్లివారుగా ఉన్న చెంచుల ఆడబిడ్డ కల్యాణంలో వధువు కాకపోవడం ఈ సమన్వయానికి ఉన్న హద్దును చూపుతుంది.

• నరుకుళ్లపాడు కథనం ఎదురుకోలుకు మరో పార్శ్వం. ఒకే ప్రాంతంలో ఒకే జాతి వారిని ఆచారం బంధువులుగా, అధికారం దొంగలుగా చూసింది.

స్థలపురాణాన్ని, ఉత్సవ క్రమాన్ని మాత్రమే ఆధారంగా తీసుకుని చేసే క్షేత్ర చరిత్ర రచనలో చెంచులు ఒక రంగుల ఘట్టంగా మిగిలిపోతారు. పొరుగు ఊళ్ల పేర్లను, వాటి కథలను కూడా ఆధారాలుగా స్వీకరించినప్పుడే వారు ఆ చరిత్రలో మనుషులుగా కనిపిస్తారు. చతుర్దశి నాడు నిప్పు, ఆయుధం పట్టి స్వామికి ఎదురువచ్చే చెంచులు వధువు తరఫువారు. ఆ వరసలో ఉన్న సమానత్వాన్ని పరిశోధన కూడా గుర్తించవలసి ఉంది.